పాట పుస్తకంలో లేని వరసలు పోకముందే: విశాఖ లూథరన్ సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం, గాజువాక, గోపాలపట్నం, మధురవాడ ప్రాంతాల లూథరన్ సంఘాల కాపరులకు, సంఘ కమిటీ పెద్దలకు, కోశాధికారులకు, మిషన్ పాఠశాలల కరస్పాండెంట్లకు:

అయ్యగార్లకు, పెద్దలందరికీ ప్రభువు పేరిట వందనాలు.

ఆదివారం ఆరాధనలో హార్మోనియం దగ్గర, కీబోర్డు దగ్గర కూర్చునే పెద్ద వయసు టీచరమ్మల గురించి ఈ లేఖ. రాస్తున్నవాళ్లం ఆ పని తెలిసినవాళ్లమే. కొందరం మందిరాల్లో వాద్యకారులం, కొందరం మిషన్ స్కూళ్లలో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లం. వాళ్ల పనికి ప్రతిఫలం, వాద్యాలకు బాగోగులు, వాళ్లకు తెలిసిన పాటల వరసలకు (బాణీలకు) రికార్డు కావాలని అర్జీలుగా ఇచ్చాం, సర్వసభ్య సమావేశాల్లో లేచి అడిగాం. "చూద్దాం" అన్నారు గానీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించలేదు. బడ్జెట్ కాగితంలో లైటింగుకు పద్దు ఉంది, సౌండ్ సిస్టంకు ఉంది, క్రిస్మస్ స్టేజీ అలంకరణకు ఉంది. వాద్యం వాయించే మనిషికి, ఆ వాద్యం బాగోగులకు పద్దు లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ఆమె పని బయటికి కనిపించేది ఆదివారం పూట గంటన్నరే. అసలు పని వారం మధ్యలోనే మొదలవుతుంది. అయ్యగారిని అడిగి వాక్యభాగాలు తెలుసుకోవాలి. సంఘ క్యాలెండరు ప్రకారం అది ఏ ఆదివారమో చూసుకుని, ఆరాధన క్రమంలో నాలుగైదు చోట్లకు పాటలు ఎంచాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలానికి తగినవి ఈస్టరుకు ముందటి శ్రమల దినాలకు పనికిరావు. కానుకల సంచి వెనక బెంచీ దాకా వెళ్లి రావడానికి ఎన్ని చరణాలు పడతాయో లెక్క ఉండాలి. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం బల్ల దగ్గరికి వచ్చే చివరి మనిషి లేచి వెళ్లేదాకా పాట తెగకూడదు. అందుకు మూడు పాటలు చేతిలో ఉంచుకుని, అయ్యగారు ఎప్పుడు తలెత్తినా పల్లవి మీద ఆగేలా వాయించాలి. శనివారం సాయంత్రం క్వైర్ ప్రాక్టీసు, ఆదివారం పొద్దున్నే సండే స్కూలు పిల్లలకు పాట. పైన పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, కృతజ్ఞత కూడికలు. భూస్థాపన కబురు వస్తే రెండు మూడు గంటల్లో సమాధుల తోట దగ్గర ఉండాలి, పుస్తకం చూడకుండా పాట ఎత్తుకోవాలి. మనవణ్ణి పక్కింట్లో అప్పగించి ఆ మామ్మ వస్తుంది. ఆటో డబ్బులు ఆమె చేతి సంచిలోంచే పోతాయి.

లూథరన్ సంఘంలో బడీ పాటా ఏనాడూ విడివిడిగా లేవు. 1524లో మన సంఘానికి ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథర్ జర్మనీ నగరాల కౌన్సిల్ పెద్దలకు బడులు పెట్టమని రాసింది కూడా బహిరంగ లేఖే. తుపాకులకు, రోడ్లకు, వంతెనలకు ఏటా అంత ఖర్చు పెడుతున్నారు కదా, పిల్లలకు చదువు చెప్పే ఒకరిద్దరు ఉపాధ్యాయుల కోసం ఎందుకు పెట్టరని అందులో నిలదీశాడు. ఆడపిల్లలకూ బడి ఉండాలన్నాడు. తనకే పిల్లలుంటే భాషలు, చరిత్రతో పాటు పాట, సంగీతం కూడా నేర్పించేవాణ్ణని రాశాడు. ఎనిమిది పాటలతో మొదటి లూథరన్ పాటల పుస్తకం అచ్చయింది ఆ సంవత్సరంలోనే. లైప్‌జిగ్‌లో 1723 నుంచి 1750లో చనిపోయేదాకా సంగీతకర్త బాఖ్ చేసిన ఉద్యోగమూ ఇదే: సెయింట్ థామస్ బడి పిల్లలకు పాట నేర్పడం, ఆదివారం వాళ్ల చేత మందిరంలో పాడించడం. ఆ ఉద్యోగానికి జీతం ఉంది, బడి భవనంలోనే నివాసం ఉంది. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరిన తర్వాత మన పల్లెల్లో పెరిగిన పద్ధతి కూడా అదే. వారమంతా అక్షరాలు దిద్దించిన పంతులే ఆదివారం పాట ఎత్తేవాడు. 1927లో ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) ఏర్పడే నాటికి మనకు అలవాటైన క్రమం అది. ఇప్పుడు మేం కొత్తగా ఏదీ కోరడం లేదు. ఉన్నదాన్ని నిలబెట్టమంటున్నాం. నిలబెట్టకపోతే మామూలు సంఘస్థులకు జరిగే నష్టాలు ఇవి.

1. వరసలు మనుషులతోనే పోతున్నాయి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. మన చేతుల్లో తిరిగే ప్రతిలో స్వరం ఉండదు. ఆనందభైరవి, ఆది తాళం అని ఉన్నంత మాత్రాన ఆ కీర్తన ఎలా పాడాలో తెలియదు. ఒకే రాగం, ఒకే తాళంలో పది పాటలుంటే వాటికి పది వరసలు ఉండొచ్చు. పల్లవి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఎత్తుకోవాలా, అరక్షరం వదిలి ఎత్తుకోవాలా అన్నదీ పుస్తకం చెప్పదు. అనుపల్లవి నుంచి పల్లవికి ఏ మాట మీద తిరిగి రావాలో చెప్పదు. ఇంగ్లిషు నుంచి వచ్చిన పాటలకైతే ట్యూన్ బుక్కుల్లో గీతల మీద రాసే స్టాఫ్ నొటేషనో, అక్షరాలతో రాసే టానిక్ సోల్ఫానో ఉంది. కీర్తనలకు ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి అందడమే దారి. ఆ దారిలో ఇప్పుడు చాలాచోట్ల నిలబడి ఉన్నది డెబ్బై దాటిన ఒక్క మనిషి.

విశాఖలో దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగాలకు గుంటూరు వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు తమ ఊరి వరసలు వెంట తెచ్చుకున్నాయి. సాలూరు వైపు జర్మనీ బ్రెక్లం మిషన్ సంఘాల్లో పెరిగి వచ్చినవాళ్లు తమవి తెచ్చుకున్నారు. ఒకే కీర్తనకు రెండు వరసలు, ఒక్కోసారి మూడు. ఏ ఇంటివాళ్లు ఏది పాడతారో టీచరమ్మకు తెలుసు. భూస్థాపన దగ్గర చనిపోయిన మనిషి ఇంట్లో పాడుకున్న వరసే ఎత్తుతుంది. కొడుకులు, కోడళ్లు, రాత్రి బస్సుకు ఊరి నుంచి వచ్చిన చుట్టాలు అందరూ గొంతు కలుపుతారు. ఆ సంగతి తెలియని కుర్రాడు యూట్యూబులో నేర్చిన వరస ఎత్తితే చివరిదాకా పాడేది అతనొక్కడే. ఆ ఇంటివాళ్లు తమ పెద్దదిక్కును పాట లేకుండా మట్టికి అప్పగించి వెళ్తారు. కుర్రాడిది తప్పు కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు.

2. శ్రుతి, తాళం తప్పితే పెద్దవాళ్లు పాడటం మానేస్తారు.

త్రిపుట, చాపు తాళాల కీర్తనలది ఏడు అక్షరాల నడక: మూడు, రెండు, రెండు. కీబోర్డులో కంపెనీ నింపి ఇచ్చే రిథమ్‌లలో ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవి, కొన్ని మూడువి, ఆరువి. ఏడు అక్షరాల కీర్తనను నాలుగు దెబ్బల బీటు మీద కూర్చోబెట్టాలంటే ప్రతి ఆవృతంలో (తాళం ఒక చుట్టులో) ఒక అక్షరం సాగదీయాలి. ఆ సాగు మాట మధ్యలో పడుతుంది. హ్రస్వం దీర్ఘమవుతుంది, ప్రాస చెదురుతుంది, చరణం చివర ఊపిరి పీల్చుకునే జాగా పోతుంది. అరవై ఏళ్లుగా ఆ పాట పాడుతున్న మనిషి మొదటి చరణం తడబడి, రెండోదానికి పుస్తకం మూసేస్తుంది. రిథమ్ బటన్ నొక్కకుండా కుడిచేత్తో వరస, ఎడమచేత్తో షడ్జ పంచమాలు (స, ప) పట్టుకుంటే చాలు, సంఘమే తాళం వేసుకుంటుంది. టీచరమ్మలు చేసేది అదే. "పాతకాలం వాయింపు" అని వాళ్లను పక్కన పెడుతున్నదీ దానికే.

శ్రుతి సంగతీ అంతే. ఆడా మగా, పిల్లా పెద్దా కలిసి పాడే పాటలో అన్నిటికంటే పైన తగిలే స్వరం రెండో శ్రుతి, అంటే డి, దాటితే వెనక బెంచీలు ఊరుకుంటాయి. మైకు ముందు ఒక్కడే పాడే గాయకుడు తన గొంతుకు నప్పిన శ్రుతి పెట్టుకుంటాడు. సంఘం చేత పాడించే మనిషి ముందు చరణం చూసుకుంటుంది. తారస్థాయి మధ్యమం (పై స్థాయి మ) దాకా పోయే కీర్తన అయితే షడ్జాన్ని ఆరో శ్రుతిలో, అంటే ఎ లో, పెడుతుంది, అప్పుడు ఆ మధ్యమం సరిగ్గా రెండు మీద ఆగుతుంది. శ్రుతి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అంటారు. బటన్ ఉంది, ఎంత జరపాలో తెలిసిన చెవి ఉండాలి.

3. వాద్యాలు పాడవుతున్నాయి, సముద్రపు గాలికి త్వరగా పాడవుతున్నాయి.

మూడున్నర స్థాయిల హార్మోనియం పెట్టెకు 42 మెట్లు. రెండు వరసల రీడ్లుంటే లోపల 84 ఇత్తడి రీడ్లు, అంటే గాలికి మోగే సన్నని నాలుకలు. మన ఊరి గాలిలోని ఉప్పు, తేమ ఇత్తడికి చిలుము పట్టిస్తాయి. రీడు కొస మీద చిలుమో దుమ్మో పేరితే కొస బరువెక్కి శ్రుతి దిగుతుంది. రెండు వరసల్లో ఒక రీడు దిగి, రెండోది దిగకపోతే ఆ మెట్టు నొక్కినప్పుడల్లా స్వరం వణుకుతుంది. శ్రుతి చేసే మనిషి కొస దగ్గర గీస్తే శ్రుతి ఎక్కుతుంది, మొదలు దగ్గర గీస్తే దిగుతుంది. ఒక్క గీత ఎక్కువైతే రీడు పల్చబడి కొన్నాళ్లకు విరుగుతుంది. కాబట్టి ఇది పని తెలిసిన చెయ్యి చేయాల్సిన పని. పండగ ముందు శుభ్రం చేయిస్తున్నామని గరుకు కాగితం ఇచ్చి ఎవరి చేతనో రుద్దించిన పెట్టెలు మళ్లీ శ్రుతిలోకి రాలేదు.

వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, నొక్కిన మెట్టు లేవదు. మెట్టు కింద గాలి దారిని మూసే పలక మీద తోలు ఉంటుంది. ఆ తోలు గట్టిపడినా, స్ప్రింగు తుప్పు పట్టి బలం తగ్గినా, ఎలుక ఒక మూల కొరికినా దారి పూర్తిగా మూసుకోదు. ఎవరూ తాకకుండానే ఒక స్వరం అదేపనిగా మోగుతుంది. ఆరాధన మధ్యలో అలా జరిగితే ప్రసంగం సమయంలో పై పలక తీసి, మోగుతున్న రీడు నాలుక కింద సన్నని కాగితం చీలిక దూర్చి, ఆ స్వరం తగలకుండా మిగతా ఆరాధన నడిపించాలి. కాగితం చీలిక ఆ పూటకే. మరుసటి వారానికి తోలు మార్చాలి. నెలల తరబడి ఆ చీలికతోనే ఆరాధనలు నడుస్తున్న మందిరాలు ఉన్నాయి.

గాలి కొట్టే తిత్తి సంగతి ఎవరైనా పరీక్షించవచ్చు. నిండా గాలి కొట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలేసి మనసులో అంకెలు లెక్కపెట్టండి. మంచి పెట్టెలో గాలి చాలాసేపు నిలుస్తుంది. పది లెక్కపెట్టేలోగా తిత్తి కుంగిపోతే మడతల దగ్గర గుడ్డ చిరిగిందనో, అతుకు వదిలిందనో అర్థం. అప్పుడు మెట్ల మీద లేని ఎడమచెయ్యి గంటన్నర సేపు రెట్టింపు కొట్టాలి. డెబ్బై ఏళ్ల భుజం అది.

కీబోర్డు కొంటే ఈ బాధలు ఉండవనుకోవద్దు. మెట్ల కింద రబ్బరు పట్టీ, దాని కింద కార్బన్ కాంటాక్టులు ఉంటాయి. తేమ చేరితే కొన్ని మెట్లు మోగవు, కొన్ని గట్టిగా కొడితేనే మోగుతాయి. పోయిన అడాప్టరు బదులు వోల్టేజీ, ప్లస్సు మైనస్సు చూడకుండా దొరికినది తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. నూలు గుడ్డ కప్పాలి, పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, అవి రంగు మారగానే మార్చాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి కిటికీల గతి ఏం చేసిందో అందరం చూశాం. వాద్యం కిటికీ పక్కన ఉండకూడదు, నేల మీద ఉండకూడదు. తడిసిన పెట్టెను ఎండలో పెడితే చెక్క వంకర తిరుగుతుంది, జిగురు వదిలేస్తుంది. నీడలో, మూత తీసి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి.

4. పనికి ప్రతిఫలం లేదు.

కన్వెన్షన్‌కు బయటి నుంచి కీబోర్డు ప్లేయర్ వస్తే కూడికకు ఇంత అని కవరు ఇస్తున్నారు. ఏడాది పొడుగునా వాయించే స్త్రీకి దారిఖర్చు కూడా లేదు. "ఆమెది దేవుని సేవ" అంటారు. అయ్యగారిదీ దేవుని సేవే, ఆయన జీతం సంఘం బాధ్యతే. పనివాడు తన జీతమునకు పాత్రుడని లూకా 10:7 చెప్పింది మగవాళ్ల కోసమే కాదు. చిన్న పింఛనుతోనో, పిల్లలు పంపే డబ్బుతోనో నెల గడుపుకునే మనిషి మందుల ఖర్చు తగ్గించుకుని ఆటో ఎక్కాల్సి రావడం సంఘానికి మర్యాద కాదు.

5. బడిలో ఆమెకు రావలసినది రాలేదు.

మందిరం పక్క బడిలో టీచరే ఆ మందిరంలో పాట నేర్పే పద్ధతికి పెద్ద గండి 2021లో పడింది. ఎయిడెడ్ సిబ్బందిని, అంటే సర్కారు గ్రాంటుతో జీతం పొందేవాళ్లను, తనకు అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం యాజమాన్యాలను అడిగిన తర్వాత చాలామంది టీచర్లు ప్రభుత్వ బడులకు వెళ్లిపోయారు. వాళ్లకు సర్కారు జీతమైనా ఉంది. అన్-ఎయిడెడ్ సెక్షన్లలో చిన్న జీతానికి ఇరవై ఏళ్లు చెప్పి, ఒక శాలువా, ఒక ఫొటో ఫ్రేముతో ఇంటికి వెళ్లినవాళ్ల గురించే మా బాధ.

కరస్పాండెంటు గారు ఇది తెలుసుకోవాలి. 1972 నాటి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము) చట్టాన్ని 2009లో సవరించి టీచర్లను అందులోకి తెచ్చారు, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. లెక్క తేలిక: చివరి నెల జీతాన్ని (మూల వేతనం, కరువు భత్యం) 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. చివరి జీతం 13,000 రూపాయలు, సర్వీసు 22 ఏళ్లు అయితే 7,500ను 22తో గుణించి 1,65,000 రూపాయలు. ఐదేళ్లు నిండిన రిటైరైన టీచరుకు ఇది యాజమాన్యం ఇచ్చే బహుమానం కాదు, బాకీ. 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి. కొన్ని బడుల్లో ఏటా వేసవికి తీసేసి జూన్‌లో కొత్తగా చేర్చుకున్నట్టు రాస్తున్నారు. ఉద్యోగి తప్పు లేని విరామం వల్ల సర్వీసు తెగదని ఆ చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్‌లో దాని బదులు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, కాబట్టి రికార్డులో వేసిన ప్రతి తెగింపూ ఆమె ముసలితనంలోంచి కోసుకున్నదే అవుతుంది.

నియామక పత్రం ఇవ్వని బడులు ఉన్నాయి. అలాంటి టీచర్లు హాజరు రిజిస్టరు నకళ్లు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ పాస్‌బుక్కు, తమ సంతకం ఉన్న పిల్లల ప్రోగ్రెస్ కార్డులు దాచుకోవాలి. యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తేదీతో అందినట్టు సంతకం పెట్టించుకోవాలి. అక్కడ పని కాకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లాలి. సంఘానికి చెందిన బడి మీద సంఘానికి చెందిన మామ్మ ఫిర్యాదు రాసే స్థితి తెచ్చుకోవద్దని మా విన్నపం.

6. ఆమె తర్వాత కూర్చునే పిల్ల లేదు.

పదేళ్ల పిల్లకు సరళీ వరసలు, జంట వరసలు అనే తొలి సంగీత పాఠాలు, వేళ్ల క్రమం నేర్పి, ఆరాధన క్రమంలో వచ్చే జవాబు పాటలు ఎత్తించి, సంఘం వెంట ఆగకుండా వాయించగలిగేలా చేయడానికి రోజూ చెయ్యి ఆడాలి. వాద్యం మందిరంలో ఉంటుంది, మందిరానికి తాళం ఉంటుంది, తాళంచెవి పండగలకూ ప్రాక్టీసుకూ తప్ప రాదు. నేర్చుకోవాలన్న పిల్లలు ఉన్నారు. ఇంట్లో వాద్యం కొనే స్తోమత లేనివాళ్లే వాళ్లలో ఎక్కువ.

ఇక మేం అడిగేవి.

మొదటిది, అన్నిటికంటే ముందు జరగాల్సింది: వరసలు రికార్డు చేయించండి. దీనికి స్టూడియో అక్కర్లేదు. టీచరమ్మ చేతికి పాటల పుస్తకం ఇచ్చి, విషయసూచికలో తనకు తప్ప ఇంకెవరికీ రాదనుకున్న కీర్తనలకు పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. వాటితోనే మొదలుపెట్టాలి. ఆమె ఇంట్లోనే, పొద్దుటి పూట, ఫ్యాను ఆపి, ఫోనును మడతపెట్టిన తువ్వాలు మీద మూరెడు దూరంలో ఉంచాలి. ముందు శ్రుతి వినిపించాలి. ఆమె కీర్తన సంఖ్య, రాగం, తాళం, ఆ వరస ఏ ఊరిదో నోటితో చెప్పాలి. తర్వాత వాద్యం లేకుండా చేత్తో తాళం వేస్తూ పల్లవి, అనుపల్లవి, కనీసం రెండు చరణాలు పాడాలి. రెండోసారి వాద్యంతో పాడాలి. మొదటిదే ముఖ్యం, ఎందుకంటే గమకం (స్వరాన్ని ఊపే, జార్చే తీరు) గొంతులో ఉంటుంది, హార్మోనియం మెట్లలో ఉండదు. అరగంట మించి పాడించకూడదు, ఆ వయసులో గొంతు అలసిపోతే శ్రుతి జారుతుంది, జారినదే రికార్డులో నిలిచిపోతుంది. ఫైలుకు కీర్తన సంఖ్య పేరు పెట్టి రెండు వేర్వేరు చోట్ల దాచాలి, వాట్సాప్‌లో తిరిగే కాపీ ఒక్కటే ఉంటే సరిపోదు. సంగీతం తెలిసిన మనిషి కూర్చుని స్వరం రాయాలి: స్వరం మీద చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రం (కింది స్థాయి), ఒక అక్షరం ఆగితే కామా, రెండైతే సెమీకోలన్. రాసినదాన్ని ఆమె ముందు వాయించి, ఆమె ఔనన్నాకే ఖాయం చేయాలి. ఒక కీర్తనకు రెండు వరసలుంటే రెండూ రాయాలి, ఏది అసలుదని తగువు పెట్టుకోవద్దు. ఆమె పేరు, ఆమె అనుమతి ఆ కాగితం మీద ఉండాలి.

రెండోది, ప్రతి సంఘ బడ్జెట్‌లో సంగీతానికి విడిగా ఒక పద్దు పెట్టండి. నెల కానుకల్లో నూటికి రెండు రూపాయలు అందుకు తీసి ఉంచమంటున్నాం. అందులోంచి ముందు వాద్యకారిణి గౌరవ వేతనం, దారిఖర్చు చెల్లించాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, ఆగమన కాలానికి ముందు ఒకసారి, వాద్యాన్ని పని తెలిసిన మనిషి చేత విప్పించి చూపించాలి. ఏం మార్చారో, ఎంతైందో పెట్టె లోపల అంటించిన కాగితం మీద తేదీతో రాయించాలి.

మూడోది, పాటలు ఎంచే అధికారం ఆమెకు వదలండి. అయ్యగారు వాక్యభాగాలు బుధవారంలోగా చెప్పాలి. సౌండ్ మిక్సరు దగ్గర కూర్చునే కుర్రాళ్లు వాద్యం కంటే సంఘం గొంతు పైకి వినిపించేలా పెట్టాలి. మైకు ఒకరిద్దరి నోటి ముందే ఉంటే మిగతావాళ్లు వినేవాళ్లుగా మిగిలిపోతారు.

నాలుగోది, మందిరం తాళంచెవి వారంలో మూడు సాయంత్రాలు గంటసేపు నేర్చుకునే పిల్లలకు అందుబాటులో ఉంచండి. నేర్పే టీచరమ్మకు ఆ గంటకూ లెక్క కట్టి ఇవ్వండి. రెండేళ్లలో ప్రతి మందిరానికి ఆరాధన నడిపించగల పిల్లలు ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరైనా ఆడపిల్ల అయి ఉండాలి.

ఐదోది కరస్పాండెంట్లకు. 1997 ఏప్రిల్ తర్వాత మీ బడుల్లో రిటైరైన, మానేసిన టీచర్ల జాబితా తీసి, ఎవరికి గ్రాట్యుటీ చెల్లించారో, ఎవరికి లేదో నోటీసు బోర్డు మీద పెట్టండి. బకాయి ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల తేదీలు రాసి ఇవ్వండి. చనిపోయినవాళ్ల విషయంలో నామినీకో వారసులకో ఇవ్వాలి.

ఈ ఐదింటి మీద మీ నిర్ణయాలు సంఘ కమిటీ మినిట్స్‌లో రాసి, ఆ పేజీ నకలు ఈ లేఖ అందిన 30 రోజుల్లో మాకు ఇవ్వాలని కోరుతున్నాం. రికార్డింగు మాత్రం తీర్మానం దాకా ఆగనక్కర్లేదు. పెన్సిలు గుర్తులు పెట్టించే పని ఏ సంఘమైనా వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు. పిలిచిన సంఘానికి స్వరం రాసేవాళ్లను, పెట్టె విప్పి చూడగలవాళ్లను మేమే పంపుతాం, దానికి మేం డబ్బు అడగం. ఆగమన కాలం మొదటి ఆదివారం నాటికి జవాబు రాకపోతే ఇదే లేఖను సంఘస్థుల సంతకాలతో సినడ్ పెద్దలకు, గ్రాట్యుటీ భాగాన్ని కార్మిక శాఖకు పంపుతాం.

ఇట్లు,
విశాఖపట్నం లూథరన్ మందిరాల వాద్యకారులు, మిషన్ పాఠశాలల విశ్రాంత ఉపాధ్యాయులు